ఆ షీటులో అంకెలను ఎవరు ఎంచుకున్నారు?

ఆరో తరగతి వర్క్‌షీటులో ఒక లెక్క: దీర్ఘచతురస్రం పొడవు 6 సెంటీమీటర్లు, వెడల్పు 3 సెంటీమీటర్లు, వైశాల్యం ఎంత? వైశాల్యమంటే ఏమిటో సరిగా పట్టుబడని విద్యార్థి నాలుగు భుజాల కొలతలూ కూడి 18 అని రాస్తాడు. జవాబుల పత్రంలోనూ 18 అనే ఉంటుంది. టిక్కు పడుతుంది, ఆ పాఠం వచ్చినట్టు నమోదవుతుంది. అవే కొలతలు 7, 3 అయి ఉంటే వైశాల్యం 21, చుట్టుకొలత 20 వచ్చి పొరపాటు అక్కడికక్కడే బయటపడేది. భుజం 4 సెంటీమీటర్లున్న చతురస్రంతోనూ ఇదే చిక్కు. వైశాల్యం చేసినా 16, చుట్టుకొలత చేసినా 16. చిన్న అంకెలు, నోటితో గుణించవచ్చు, బొమ్మ గీయడం సులువు. అందుకే షీటు తయారుచేసేవారి చెయ్యి తెలియకుండానే వీటి మీదికి పోతుంది.

గణితానికి తయారు పాఠాలు, తయారు వర్క్‌షీట్లు వాడవచ్చా లేదా అనే చర్చ సాధారణంగా ఉపాధ్యాయుల శ్రద్ధ చుట్టూ తిరుగుతుంది. వాడితే బద్ధకమని ఒకరు, వాడకపోతే వెనుకబాటని మరొకరు అంటారు. అసలు చూడవలసింది షీటులోని ఒక్కొక్క లెక్కను. ఆ అంకెలను ఎవరైనా కావాలని ఎంచుకున్నారా, పేజీ నింపడానికి తోచినవి వేశారా? ఏ లెక్క ఏ పొరపాటును పట్టుకోవడానికి పెట్టారో చెప్పలేని షీటు ఎంత అందంగా అచ్చయినా గణిత బోధనకు పెద్దగా పనికిరాదు.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇలాంటి సామగ్రికి కొరత లేదు. జూన్‌లో బడులు తెరిచిన వారం నుంచే ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపుల్లో పీడీఎఫ్‌లు వచ్చి పడుతుంటాయి. వార్షిక ప్రణాళికలు, పీరియడ్ ప్లాన్లు, స్లిప్ టెస్టులు, బిట్ పేపర్లు, ఎక్కాల చార్టులు, పదో తరగతికి కనీస మార్కుల మెటీరియల్. తయారుచేసిన వారి పేరు ఒక్కోసారి ఉంటుంది, ఒక్కోసారి దాన్ని చెరిపి మరొకరు తమ పేరు వేసుకుని ఉంటారు. ప్రభుత్వం వైపు నుంచి వచ్చింది కూడా తక్కువేమీ కాదు. 2017లో కేంద్రం ‘దీక్ష’ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికను ప్రారంభించింది. పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో చూస్తే వీడియో పాఠం తెరుచుకునే ఏర్పాటు వచ్చింది. 2020-21 నుంచి ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉన్న ద్విభాషా పుస్తకాలు దశలవారీగా వచ్చాయి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి విద్యార్థులకు పాఠాలు నింపిన ట్యాబులు పంచారు. కార్పొరేట్ బడుల సంగతి సరేసరి. అక్కడ ఏ రోజు ఏ లెక్క చెప్పాలో, ఆ సాయంత్రం ఏ షీటు ఇవ్వాలో పైనుంచే వస్తుంది, తరగతి గదిలోని మనిషి దాన్ని అమలు చేస్తాడు.

వీటిని వాడే ఉపాధ్యాయులను తప్పుపట్టడం అన్యాయం. ఒకటి నుంచి ఐదు వరకు తరగతులన్నీ ఒక్కరే చూసే బడిలో, మూడో తరగతికి తీసివేతలు చెప్పే ఇరవై నిమిషాలూ ఐదో తరగతి చేతిలో ఏదో ఒక పని ఉండాలి. ఉన్నత పాఠశాలలో గణితం స్కూల్ అసిస్టెంటు ఆరు నుంచి పది వరకు తరగతులు మోస్తూ, ఆన్‌లైన్ నమోదులూ చేస్తూ రోజుకో షీటు సొంతంగా తయారుచేసుకోవడం అయ్యే పని కాదు. సమావేశ మందిరంలో కూర్చుని ‘మీరే సృజనాత్మకంగా తయారుచేసుకోండి’ అనడం తేలిక. తయారు సామగ్రి ఉండవలసిందే. దాన్ని చూసే చూపు గురించే ఇక్కడ మాట్లాడుకోవాలి.

తప్పు దారిలో వచ్చే సరైన జవాబు

తీసివేతతో మొదలుపెడదాం. రెండంకెల తీసివేతలో పిల్లలు విరివిగా చేసే పొరపాటు ఒకటుంది. పైది ఏదో కిందిది ఏదో చూడకుండా పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేస్తారు. 52 నుంచి 27 తీసివేయమంటే ఏడులోంచి రెండు పోతే ఐదు, ఐదులోంచి రెండు పోతే మూడు, జవాబు 35 అంటారు. ఇదే విద్యార్థికి 68 నుంచి 25 తీసివేయమని ఇస్తే 43 అని సరిగానే రాస్తాడు. కాబట్టి 68-25 లాంటి లెక్కలు ఇరవై ఇచ్చినా అతడి సంగతి ఏమీ తెలియదు.

కంప్యూటర్ యాదృచ్ఛికంగా అంకెలు వేసి తయారుచేసే షీట్లు ఇంటర్నెట్‌లో కొల్లలు. మీట నొక్కితే కొత్త షీటు వస్తుంది. వాటిలో ఏముంటుందో చిన్న లెక్కతో తేల్చవచ్చు. ఒకట్ల స్థానంలో పైన పది అంకెల్లో ఏదైనా రావచ్చు, కింద కూడా అంతే. మొత్తం వంద జతలు. పై అంకె కింది అంకె కన్నా చిన్నదయ్యే జతలు 45. అంటే ఒకట్ల స్థానం కోసం అప్పు తెచ్చుకోవలసిన లెక్కలు సగం కూడా ఉండవు. మూడంకెల సంఖ్యల్లో పదుల స్థానంలో సున్నా ఉండి, ఒకట్లకు అప్పు కావలసిన రకాన్ని చూడండి. ఉదాహరణకు 503-267. పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే, ఎందుకంటే అప్పు ఇవ్వవలసిన ఇంట్లోనే ఏమీ లేదు. అలాంటి లెక్క యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం పదో వంతులో 45 శాతం, అంటే నూటికి 4.5. ఇరవై లెక్కల షీటులో సగటున ఒకటి కూడా పడదు. పిల్లవాడు ఇరవైకి పంతొమ్మిది తెచ్చుకుంటాడు. పోయిన ఆ ఒక్క మార్కును అజాగ్రత్త ఖాతాలో వేస్తారు.

దశాంశాలది మరో రకం చిక్కు. 0.45 పెద్దదా 0.8 పెద్దదా అంటే, 45 ఎనిమిది కంటే పెద్దది కదా అని 0.45 వైపు మొగ్గేవారు ప్రతి తరగతిలోనూ ఉంటారు. వారికి 0.45, 0.82 ఇస్తే ఇబ్బంది లేకుండా సరైన జవాబే చెబుతారు. దీనికి పూర్తిగా ఎదురు నమ్మకం ఉన్న పిల్లలు కూడా ఉంటారు. బిందువు తరువాత అంకెలు ఎక్కువైతే ముక్కలు చిన్నవవుతాయి కాబట్టి పొడవైన దశాంశం ఎప్పుడూ చిన్నదేనని వారి లెక్క. వారు 0.45, 0.8 జతకు సరైన జవాబు చెప్పి, 0.75, 0.5 జత దగ్గర దొరుకుతారు. రెండు జతలూ పక్కపక్కన ఉంటేనే ఎవరిది ఏ నమ్మకమో తెలుస్తుంది. దశాంశాల పోలిక మీద వచ్చే షీటును తీసుకుని, బిందువు తరువాత అంకెల సంఖ్య రెండు వైపులా సమానంగా ఉన్న జతలను కొట్టేసి చూస్తే మిగిలేది ఎంతో అర్థమవుతుంది.

ఘాతాంకాలు నేర్పే మొదటి ఉదాహరణ చాలా చోట్ల రెండు వర్గం. రెండును రెండుతో హెచ్చించినా నాలుగే, రెండుకు రెండు కలిపినా నాలుగే, ఆధారాన్ని ఘాతాంకంతో గుణించినా నాలుగే. మూడు వర్గం ఆరు అని రాసే పిల్లవాడిని అది ఎలా పట్టుకుంటుంది? సగటు పాఠంలో 10, 20, 30 ఇస్తారు. మధ్యలో ఉన్నదాన్ని రాసినా 20, కూడి మూడుతో భాగించినా 20. ఒకే ఎడంలో ఉన్న అంకెలు చూడటానికి ముచ్చటగా ఉంటాయి. సగటుకూ మధ్యగతానికీ తేడా నేర్పవలసిన చోట వాటిని వాడితే ఆ తేడా మాయమవుతుంది. భాగహారంలో 618ని ఆరుతో భాగిస్తే 103 వస్తుంది. భాగఫలంలో సున్నా వేయాలని తెలియక 13 అని రాసేవారి కోసం అలాంటి లెక్కను షీటులో కావాలని పెట్టాలి. త్రిభుజాల పేజీలో భూమి ఎప్పుడూ అడ్డంగా, శీర్షం పైనే ఉంటుంది. పక్కకు తిప్పి గీసిన త్రిభుజంలో ఎత్తు ఎక్కడుందో అడిగితే పదో తరగతి విద్యార్థి కూడా తడుముకుంటాడు.

దీనికి ఎదురుగా, ఒక్క కాగితం ఎంత పని చేయగలదో చూడాలంటే గ్రామీణ పిల్లల చదువు, లెక్కల స్థాయిని కొలుస్తూ 2005 నుంచి జరుగుతున్న అసర్ సర్వే ప్రశ్నపత్రం మంచి ఉదాహరణ. అందులో అంకగణితానికి ఉన్నది ఒకే పేజీ. అంకెలు గుర్తించడం, అప్పు తప్పనిసరిగా అవసరమయ్యే రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం, అంతే. 2024లో గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో ఆ భాగహారం చేయగలిగినవారు 30.7 శాతమని తేలింది. ఆ అంకె మీద ఎన్ని వాదాలైనా ఉండవచ్చు. కానీ పేజీకి ముప్పై లెక్కలున్న రంగుల షీటు చెప్పలేనిది ఈ పేజీ చెప్పగలుగుతోందంటే, కారణం లెక్కల ఎంపికే.

దూరం నుంచి వచ్చిన షీటు

అమెరికా ఉపాధ్యాయుల కోసం తయారైన షీట్లు ఉచితంగా దొరుకుతాయి, ముద్రణ బాగుంటుంది. ఇంగ్లీషు మాధ్యమం తరగతులకు సరిపోతాయని మన బడుల్లోకీ వచ్చేస్తున్నాయి. డాలర్లు, అంగుళాలు ఉన్నాయనేది చిన్న సమస్య, పిల్లలకు కూడా అర్థమవుతుంది. సంఖ్యలో కామా ఎక్కడ పడుతుందన్నది పెద్ద సమస్య. మన పుస్తకంలో లక్షను 1,00,000 అని రాస్తారు, ఆ షీటులో 100,000 అని ఉంటుంది. స్థాన విలువ అప్పుడప్పుడే కుదురుకుంటున్న నాలుగో తరగతి విద్యార్థికి ఇది రెండు దారుల కూడలి. మన దగ్గర భాగహారంలో భాగఫలాన్ని కుడివైపు రాయిస్తారు, వాళ్లు పైన రాస్తారు. పైన రాసే పద్ధతిలో ఏ అంకె ఏ స్థానానిదో కళ్లకు కనిపిస్తుంది కాబట్టి నిజానికి అదే మేలు. అయితే సోమవారం ఒకటి, మంగళవారం మరొకటి చూపిస్తే రెండూ రావు.

కొందరు ఈ షీట్లను ‘మన’ వాటిగా మారుస్తారు. జాన్ రాము అవుతాడు, ఆపిల్ మామిడి అవుతుంది, అంతకు మించి ఏదీ మారదు. రాము 60 పుచ్చకాయలు కొని ఏం చేసుకుంటాడన్న ప్రశ్న అలాగే ఉండిపోతుంది. ఈ రెండు జిల్లాల్లో జనం రోజూ వేసుకునే లెక్కల్లో ఎంత గణితం ఉందో చూస్తే ఈ పేరు మార్పిడి ఎంత పేలవమో తెలుస్తుంది.

నెల్లూరు తీరంలో ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు పిల్లలకు రొయ్యల కౌంటు తెలియనిది కాదు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో అదే కౌంటు. 100 కౌంటు అంటే ఒక్కో రొయ్య 10 గ్రాములు, 50 కౌంటు అంటే 20 గ్రాములు, 40 కౌంటు అంటే 25. కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. విలోమానుపాతానికి ఇంతకంటే చక్కటి ఉదాహరణ పాఠ్యపుస్తకంలో దొరకదు. పది మంది కూలీలు ఎనిమిది రోజుల్లో చేసే పనిని ఇరవై మంది ఎన్ని రోజుల్లో చేస్తారన్న పాత లెక్కలో, పనివాళ్లు రెట్టింపైతే పని సరిగ్గా సగం రోజుల్లో అయిపోతుందని పిల్లలు మన మాట మీద నమ్మాలి. కౌంటును తూకం వేసి చూసుకోవచ్చు. లెక్కను ఇంకా ముందుకు లాగవచ్చు: చెరువులో లక్ష పిల్లను వదిలితే 80 శాతం బతికి 50 కౌంటుకు వచ్చింది, దిగుబడి ఎంత? 80 వేలను 50తో భాగిస్తే 1,600 కిలోలు. మరికొన్ని రోజులు ఆగి, చావు లేకుండా 40 కౌంటుకు పట్టుబడి చేస్తే 2,000 కిలోలు. కౌంటు 50 నుంచి 40కి, అంటే 20 శాతం తగ్గింది. బరువు 25 శాతం పెరిగింది. ఒక రాశి 20 శాతం తగ్గితే రెండోది 20 శాతమే పెరగాలి కదా అనుకునే పిల్లలు (పెద్దలు కూడా) ఇక్కడ ఆగి ఆలోచిస్తారు. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో వివరించడానికి ఒక పీరియడ్ మొత్తం ఖర్చు చేసినా నష్టం లేదు.

ధాన్యం సంగతి చూడండి. నెల్లూరులో పుట్టి అంటే 850 కిలోలు. ప్రభుత్వం మద్దతు ధరను క్వింటాలుకు ప్రకటిస్తుంది, కళ్లంలో బేరం పుట్టికి జరుగుతుంది. 2024-25లో ‘ఏ’ గ్రేడు ధాన్యానికి క్వింటాలు 2,320 రూపాయలు. 8.5తో గుణిస్తే పుట్టి 19,720. కొనేవారు తేమ పేరు చెప్పి పుట్టికి 900 కిలోలు తూచి అదే ధర ఇస్తే రైతు పోగొట్టుకునేది ఎంత? అదనంగా వెళ్లిన 50 కిలోల విలువ 1,160 రూపాయలు, శాతంలో చెబితే దాదాపు 5.9. దశాంశ గుణకారం, శాతం, యూనిట్ల మార్పు మూడూ ఒకే లెక్కలో ఉన్నాయి. జవాబు తెలిసిన విద్యార్థికి ఇంట్లో విలువ కూడా పెరుగుతుంది.

ఇళ్ల స్థలాలను నెల్లూరులో అంకణాల్లో కొలుస్తారు. ఇక్కడ అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36. సెంటు 435.6 చదరపు అడుగులు కాబట్టి మూడు సెంట్ల స్థలం నెల్లూరులో 18.15 అంకణాలు, తిరుపతిలో 36.3. ప్రమాణం సగమైతే సంఖ్య రెట్టింపవుతుందన్న సూత్రాన్ని ఎవరూ బట్టీ పట్టవలసిన పని లేదు. వడ్డీ పాఠంలో శాతం ఎప్పుడూ సంవత్సరానికే. ఊళ్లో మాత్రం ‘రెండు రూపాయల వడ్డీ’ అంటారు, నూటికి నెలకు రెండు, ఏడాదికి 24 శాతం. బ్యాంకు వడ్డీతో దీన్ని పోల్చమని అడిగే షీటు బయటి నుంచి ఎన్నటికీ రాదు. చీమకుర్తి వైపు గ్రానైటు దిమ్మెలున్నాయి. 1.5 మీటర్ల వెడల్పున్న దిమ్మెను 2 సెంటీమీటర్ల పలకలుగా కోస్తే కాగితం మీద 75 రావాలి. ఒక్కో కోతకు రంపం 6 మిల్లీమీటర్లు తినేస్తుందనుకుంటే 57 మాత్రమే వస్తాయి. ఆ 57 ఎలా వచ్చిందో తేల్చడానికి తొమ్మిదో తరగతి విద్యార్థికైనా కాస్త సమయం పడుతుంది. ఒక్కో పలకకు దాని 20 మిల్లీమీటర్లతో పాటు కోతకు పోయే 6 కూడా కలిపి చూడాలన్న సంగతి తోచేదాకా లెక్క కుదరదు.

ఇలా మార్చుకోవడం మనకు కొత్తేమీ కాదు. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన, గణితవేత్త మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినప్పుడు మక్కీకి మక్కీగా దించలేదు. ఉదాహరణలను తగ్గించాడు, కొన్నిటిని మార్చాడు, జైన ప్రస్తావనలున్న చోట శైవాన్ని నిలిపాడు. తయారుగా ఉన్న గణితాన్ని ఎలా వాడుకోవాలో చూపినవారిలో ఆయనను మొదటి వరుసలో చెప్పుకోవచ్చు.

స్థానిక ఉదాహరణ ఉన్నంత మాత్రాన షీటు మంచిదైపోదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. కనిగిరి వైపు మెట్ట ఊళ్ల పిల్లలకు రొయ్యల కౌంటు ఎంత దూరమో, తీరంలోని పిల్లలకు పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ అంత దూరం. ‘జిల్లా ప్రత్యేక వర్క్‌షీటు’ అంటూ ఒకటి తయారుచేసి అందరికీ పంచితే మళ్లీ పాత కథే.

కాగితం ఖర్చు, పలక లాభం

జెరాక్స్ పేజీకి రూపాయి అనుకుందాం. 30 మంది పిల్లలున్న ప్రాథమిక పాఠశాల. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు. రోజుకు ఒక్కొక్కరికి ఒక షీటు చొప్పున 6,000 రూపాయలు. కేంద్ర పథకం సమగ్ర శిక్షా నిబంధనల్లో 30 మంది వరకు ఉన్న బడికి నిర్వహణ ఖర్చుల కోసం ఏడాదికి నిర్ణయించిన కాంపోజిట్ గ్రాంటు 10,000. అందులో పదో వంతు పరిశుభ్రతకు కేటాయించాలి. సుద్దముక్కల నుంచి మరమ్మతుల దాకా మిగిలిన సమస్తానికీ ఇక ఉండేది మూడు వేలు. గ్రాంటు సమయానికి, పూర్తిగా అందినప్పటి మాట ఇది. కాబట్టి రోజువారీ షీటన్నది చిన్న బడికి మొయ్యలేని భారం, చాలా చోట్ల ఉపాధ్యాయులే జేబులోంచి పెట్టుకుంటున్నారు.

ఏ పనికి కాగితం కావాలి, ఏ పనికి అక్కర్లేదు అన్న విచక్షణ ఇక్కడ అవసరం. ఎక్కాలు, నోటి లెక్కలు, కూడికల అభ్యాసం బోర్డు మీద రాసి పలక మీద చేయించవచ్చు. ఒకప్పుడు దేశంలోని బడులకు రాతి పలకలు పంపిన మార్కాపురం ఈ ప్రాంతానిదే. పలకకున్న సుఖం, తప్పు చేస్తే తుడిచేయవచ్చు, పిల్లలకు భయం ఉండదు. ఉపాధ్యాయునికి అదే నష్టం. ఆ తప్పు ఏమిటో, ఎలా వచ్చిందో సాక్ష్యం మిగలదు. కాగితం మీద చేసిన తప్పు సాయంత్రం వరకు, మరుసటి వారం వరకు ఉంటుంది. కాగితానికి పెట్టే ఖర్చు ఆ సాక్ష్యం కోసమే అనుకుంటే వారానికి ఒక షీటు చాలు. అందులో పది లెక్కలున్నా చాలు, అవి ఎంచి పెట్టినవైతే. పనుల కోసం కుటుంబంతో వలస వెళ్లి నడి సంవత్సరంలో తిరిగి వచ్చే పిల్లలు పశ్చిమ మండలాల బడుల్లో ఉంటారు. అలాంటి పిల్లవాడికి పాత షీట్లన్నీ కట్టగా ఇచ్చి చేయమనడం కన్నా, ఎక్కడ ఆగిపోయాడో చెప్పే ఒక్క షీటు ఇవ్వడం మేలు.

ఒకే రకం లెక్కల వరుస

తయారు షీట్లకు మరో స్వభావం ఉంది. పైన ‘శాతాలు’ అని శీర్షిక, కింద పన్నెండూ శాతం లెక్కలే. మొదటి రెండు చేసేసరికి పద్ధతి దొరుకుతుంది, మిగతా పదింటికి ప్రశ్న చదవక్కర్లేదు, అంకెలు ఏరుకుని అదే తంతు జరిపితే చాలు. పరీక్షలో శీర్షిక ఉండదు. ఏ పద్ధతి వాడాలో ఎంచుకోవడమే అక్కడ అసలు పని, దాన్ని మాత్రం ఎవరూ సాధన చేయించలేదు. అమెరికాలోని ఫ్లోరిడాలో 54 ఏడో తరగతి సెక్షన్లపై జరిపిన ప్రయోగం ఫలితాలు 2020లో వెలువడ్డాయి. కొన్ని సెక్షన్లకు ఒకే రకం లెక్కలున్న షీట్లు, కొన్నిటికి రకరకాలు కలిపిన షీట్లు నెలల తరబడి ఇచ్చారు. నెల తరువాత ముందుగా చెప్పకుండా పెట్టిన పరీక్షలో కలిపి చేసినవారికి సగటున 61 శాతం, విడివిడిగా చేసినవారికి 38 శాతం మార్కులు వచ్చాయి. లెక్కలు దాదాపు అవే, వరుస మారింది. పైసా ఖర్చు లేకుండా చేయగలిగిన మార్పు ఇది. నాలుగు పాత షీట్లు ముందుపెట్టుకుని మూడేసి లెక్కలు ఏరి, శీర్షిక తీసేస్తే కొత్త షీటు తయారవుతుంది.

పదో తరగతి దగ్గర ఈ తర్కం తలకిందులవుతుంది. గణితం పేపరు 100 మార్కులు, 35 వస్తే గట్టెక్కినట్టు. గ్రాఫు లెక్క, సగటు, మధ్యగతం, బాహుళకం, కొన్ని సూత్రాలు, ఒకటి రెండు మార్కుల ప్రశ్నలు ఏరి కట్టిన మెటీరియల్ ఆ ముప్పై ఐదు కోసమే. మార్చిలో ఫెయిలయ్యే పరిస్థితిలో ఉన్న విద్యార్థికి అది నిజంగా ఆసరా, దాన్ని ఎగతాళి చేయనక్కర్లేదు. ఇబ్బంది ఎక్కడంటే, జనవరి మెటీరియల్ క్రమంగా జూన్ పాఠమైపోతోంది. తొమ్మిదో తరగతిలో కూడా ‘పరీక్షకు వచ్చేవి’ మాత్రమే ఉన్న షీట్లు తిరుగుతున్నాయి.

పాఠ్య ప్రణాళికల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. తనిఖీకి కావలసిన ఫైలు కోసం దించుకునేవి తనిఖీ అయ్యాక బీరువాలోకి వెళతాయి. వాటిలో లక్ష్యాలుంటాయి, సామగ్రి ఉంటుంది, మూల్యాంకన ప్రశ్నలుంటాయి, పిల్లలు ఏమంటారో మాత్రం ఉండదు. జపాన్ ఉపాధ్యాయులు కలిసి ఒక పాఠాన్ని తయారుచేసి, ఒకరు బోధిస్తుంటే మిగతావారు కూర్చుని చూసి, మళ్లీ దిద్దుకునే పద్ధతిలో ప్రణాళికలో ముఖ్యమైన భాగం పిల్లలు ఇవ్వబోయే జవాబుల ఊహే. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే మన స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో అంత సమయం దొరుకుతుందనుకోవడం అత్యాశ కావచ్చు. ఒక్క షీటును ముందుపెట్టుకుని అరగంట మాట్లాడుకునే వీలు మాత్రం ఉంటుంది.

ఇటీవల కృత్రిమ మేధ ఉపకరణాలు అడిగిన క్షణంలో తెలుగులోనే షీటు రాసి ఇస్తున్నాయి. వాటికి ‘ఐదో తరగతి తీసివేతలు ఇరవై’ అంటే పాత యాదృచ్ఛిక షీటు లాంటిదే వస్తుంది. ‘పదుల స్థానంలో సున్నా ఉండి అప్పు తెచ్చుకోవలసినవి ఆరు, అప్పు అక్కర్లేనివి రెండు, కలిపి వరుస మార్చు’ అంటే పనికొచ్చేది వస్తుంది. అంటే అడిగేవారికి పొరపాట్ల జాబితా ముందే తెలిసి ఉండాలి. జవాబులను కూడా చేతితో ఒకసారి చేసి చూడక తప్పదు. అచ్చు పుస్తకాల గైడ్లలోనే తప్పుడు జవాబులు దొర్లుతుంటాయి, ఇవి అంతకంటే ధీమాగా తప్పు చెబుతాయి.

ఆ పొరపాట్ల జాబితా తయారుచేయడానికి ఈ ప్రాంతంలో మనుషులున్నారు. నెల్లూరు జిల్లాకు పల్లిపాడులో, ప్రకాశానికి మైనంపాడులో ఉపాధ్యాయ శిక్షణ సంస్థలైన డైట్‌లు ఉన్నాయి. బోధనాభ్యాసానికి బడులకు వెళ్లే ఛాత్రోపాధ్యాయులు చార్టులు, థర్మోకోల్ నమూనాలు తయారుచేసే సమయంలో కొంత పిల్లల తప్పులను ఏరడానికి ఇవ్వవచ్చు. 503-267 ఒక్కటే తీసుకుంటే, సరైన జవాబు 236. పెద్ద అంకెలోంచి చిన్నది తీసేసేవారు 364 రాస్తారు. వందల నుంచి అప్పు తెచ్చి అక్కడ తగ్గించడం మరిచినవారు 336 రాస్తారు. పదులకు వచ్చిన పదిలోంచి ఒకటి ఒకట్లకు ఇచ్చామని మరిచినవారు 246 రాస్తారు. మూడూ తప్పులే, మూడింటికి చెప్పవలసిన పాఠం మూడు రకాలు. ఇప్పుడు చలామణిలో ఉన్న జవాబుల పత్రాల్లో 236 ఒక్కటే ఉంటుంది. మిగతా మూడు సంఖ్యలూ, వాటి ఎదురుగా కారణమూ చేరిస్తే పత్రం పెరిగేది మూడు పంక్తులే.